పొగ చల్లబడకముందే

అక్టోబరు మొదటి వారాల్లో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పాత ఇళ్ల వెనక పచ్చిక మీద ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. పాతిక అడుగుల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం, ఒళ్లంతా ముడతలతో, ఎండలో మెరుస్తూ చాపి ఉంటుంది. పక్కన రెండు అట్టపెట్టెలు. ఒకదాన్లో గొట్టానికి పైన పెట్టే టోపీ, కింద బిగించే 'టీ' ముక్క, పట్టీలు, మరలు ఉంటాయి. రెండో పెట్టెలో పరుపులా చుట్టిన తెల్లటి దుప్పటి, దానికి ఒకవైపు వెండిలా మెరిసే అల్యూమినియం రేకు. చాలా ఇళ్లలో ఈ రెండో పెట్టెను తెరవరు. ఇంకా చాలా ఇళ్లవాళ్లు దాన్ని కొననే కొనరు. గొట్టం ఇటుకల చిమ్నీలోకి దిగిపోయాక దాని ఒంటి మీద దుప్పటి ఉందో లేదో కింద కూర్చుని చలి కాచుకునేవాళ్లకు తెలియదు. కంటికి కనిపించని దానికి ఎవరు ఖర్చు పెడతారు?

ఈ అధ్యాయమంతా ఆ రెండో పెట్టె గురించే. కట్టెల స్టవ్ పెట్టుకోవాలనుకునేవాళ్లు స్టవ్ ఎంపిక మీద నెలల తరబడి తల బద్దలు కొట్టుకుంటారు. అంత శ్రద్ధలో పదో వంతు ఆ అరంగుళం దుప్పటి మీద పెడితే చలికాలం నిశ్చింతగా గడుస్తుంది. న్యూజెర్సీలోనో మసాచుసెట్స్‌లోనో పాత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఈ సంగతి ఇంకా కొత్త. మంచు తుపాను వచ్చి కరెంటు పోయినప్పుడు పక్కింటివాళ్ల పొగగొట్టం ఒక్కటే పనిచేస్తుండటం చూసి, మరుసటి ఏడాది తమ ఇంట్లోనూ స్టవ్ పెట్టించుకుందామని అనుకుంటారు. మన ఊళ్లలో పొయ్యి పొగ పెంకుల సందుల్లోంచి దానంతటదే పోయేది. అక్కడ ఇరవై అడుగుల ఎత్తు ఎక్కితేగానీ పోదు. ఆ ఇరవై అడుగుల ప్రయాణంలోనే చిక్కంతా.

తెలుగువాళ్లకు చిమ్నీ అంటే ఇప్పుడు గ్యాస్ పొయ్యి మీద బిగించే కరెంటు పెట్టె గుర్తొస్తుంది. ఓ తరం వెనక్కి వెళితే లాంతరు గాజు గుర్తొస్తుంది. స్టవ్ గొట్టం సంగతి అర్థం కావాలంటే ఆ లాంతరు చిమ్నీనే తలుచుకోవాలి. గాజు లేకుండా వత్తి వెలిగిస్తే మంట రెపరెపలాడి పొగ కక్కుతుంది. గాజు పెట్టగానే లోపలి గాలి వేడెక్కి పైకి లేస్తుంది, కింద ఉన్న రంధ్రాల్లోంచి కొత్త గాలి వచ్చి చేరుతుంది, మంట నిటారుగా నిలబడుతుంది. మంటకు ఊపిరి అందించేది గొట్టంలోని వేడి గాలే. స్టవ్ కూడా అంతే. కింద ఇనప పెట్టెలో ఎంత గొప్ప ఇంజినీరింగ్ ఉన్నా, గాలిని లోపలికి లాగేది పైనున్న గొట్టమే. గొట్టం లోపల ఎంత వేడి నిలిస్తే లాగుడు అంత బలంగా ఉంటుంది.

దీన్ని లెక్కలో పెట్టి చూడొచ్చు. ఇరవై అడుగుల గొట్టం, అంటే ఆరు మీటర్లు. బయట గడ్డకట్టే చలి, సున్నా డిగ్రీలు. గొట్టంలో పొగ సగటు ఉష్ణోగ్రత 150 డిగ్రీల సెల్సియస్ ఉంటే లాగుడు దాదాపు 27 పాస్కళ్లు వస్తుంది. అదే గొట్టం చల్లటి ఇటుకల మధ్య వేడిని పోగొట్టుకుని, సగటు 80 డిగ్రీలకు పడిపోతే అది 17కు తగ్గుతుంది. బయట చలి తగ్గి పది డిగ్రీలైన రోజున 15 కూడా రాదు. ముడతల గొట్టంలో రాపిడికి, మలుపులకు పోగా మిగిలేది ఇంకా తక్కువ. ఐరోపా ప్రమాణం ప్రకారం స్టవ్‌లను పరీక్షించేది 12 పాస్కళ్ల లాగుడు దగ్గర. కాబట్టి దుప్పటి లేని గొట్టం చలి ముదిరిన రోజుల్లో ఎలాగో నెట్టుకొస్తుంది. చలి మొదలయ్యే రోజుల్లో, వెళ్లిపోయే రోజుల్లో మొరాయిస్తుంది. స్టవ్ తలుపు తీయగానే గదిలోకి పొగ కొట్టిందంటే జనం స్టవ్‌ను తిడతారు. స్టవ్ చేసిన తప్పు చాలాసార్లు ఏమీ ఉండదు.

లాగుడు తగ్గడం ఇబ్బంది మాత్రమే. అసలు ప్రమాదం నీటితో మొదలవుతుంది.

కట్టె ఎంత ఎండినా మండేటప్పుడు నీటిని పుట్టిస్తుంది. చెక్కలోని హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. తేమ బొత్తిగా లేని కిలో కట్టె కాలినా అరకిలోకు పైగా నీరు ఆవిరై పైకి పోతుంది. వాడకంలో మంచి కట్టె అనిపించుకున్నదాంట్లో కూడా 20 శాతం దాకా తేమ ఉంటుంది, అది అదనం. ఒక రాత్రికి పది కిలోల కట్టె కాలిస్తే ఆరు లీటర్ల పైచిలుకు నీరు ఆ గొట్టం గుండా బయటికి పోవాలన్నమాట. అన్నం ఉడికేటప్పుడు మూత తీసి చూస్తే లోపలివైపు నీటిబొట్లు వేలాడుతుంటాయి. చల్లని లోహం తగిలితే ఆవిరి ఎక్కడైనా అదే పని చేస్తుంది. గొట్టంలో అయితే ఆ చెమట ఒట్టి నీరు కాదు. సగం కాలిన పొగలోని తారు ఆవిర్లు, ఆమ్లాలు, మసి అన్నీ కలిసి గోడకు అంటుకుంటాయి. దాన్నే క్రియోసోట్ అంటారు.

మొదట్లో అది వేలితో రాస్తే రాలిపోయే మసి. తర్వాత నల్లటి పెళుసు పెచ్చులు. పొగ ఎప్పుడూ చల్లగానే ఉండి, అది పొర మీద పొర పేరుకుంటూ పోతే చివరకు నల్లని గాజు పూతలా గట్టిపడుతుంది. ఈ మూడో దశకు చేరిన క్రియోసోట్ మామూలు బ్రష్‌కు రాదు. చిమ్నీ శుభ్రం చేసేవాళ్లు అన్నిటికంటే ఎక్కువ భయపడేది దానికే, ఎందుకంటే అది మంచి ఇంధనం. ఒకరోజు స్టవ్ కాస్త గట్టిగా మండి నిప్పురవ్వ పైకి లేచిందా, గొట్టమంతా నిలువునా అంటుకుంటుంది. అప్పుడు లోపల వేడి వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటగలదు. కింద కూర్చున్నవాళ్లకు ముందు ఒక హోరు వినిపిస్తుంది. దగ్గరగా రైలు పోతున్నట్టు ఉంటుందని ఆ అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు.

పొగ గొట్టం కొస దాటేదాకా 120 డిగ్రీల సెల్సియస్ కంటే పైన ఉంటే క్రియోసోట్ పెద్దగా పేరుకోదు. దుప్పటి మొదటి పని ఇదే: పొగ చల్లబడకముందే దాన్ని బయటికి పంపేయడం. ఫ్లాస్కులో కాఫీ వేడిగా ఉన్నట్టు గొట్టంలో పొగ వేడిగా ఉండాలి.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. పాత స్టవ్‌ల కంటే కొత్త స్టవ్‌లకు ఈ దుప్పటి అవసరం ఎక్కువ. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కట్టెల స్టవ్‌ల మీద మొదటి నియమాలు 1988లో తెచ్చింది. 2015లో వాటిని బిగించి, 2020 మే 15 నుంచి అమ్మే స్టవ్‌లు గంటకు 2 గ్రాములకు మించి పొగకణాలు వదలకూడదని పెట్టింది. మామూలు చీల్చిన కట్టెతో పరీక్షిస్తే 2.5 గ్రాముల దాకా వెసులుబాటు ఇచ్చింది. ఈ స్టవ్‌లు కట్టెలోని వేడిని పిండుకుని గదికి ఇచ్చేస్తాయి. గొట్టానికి మిగిలేది తక్కువ. పాత స్టవ్ వేడిని దుబారా చేసేది కాబట్టి చల్లటి చిమ్నీని కూడా ఎలాగో వేడెక్కించేది. కొత్తదానికి దుబారా చేయడానికి ఏమీ లేదు. ఉన్న కొద్దిపాటి వేడినీ ఇటుకలు తాగేస్తే లాగుడు ఎక్కడినుంచి వస్తుంది?

దీనికి తోడు పాత చిమ్నీలు స్టవ్ కోసం కట్టినవి కావు. నలుగురు చుట్టూ కూర్చునే తెరిచిన నెగడుకోసం కట్టినవి. అందులో పన్నెండంగుళాల చదరపు పొగదారి ఉంటే దాని వైశాల్యం 144 చదరపు అంగుళాలు. స్టవ్ నోరు ఆరంగుళాల గుండ్రం, వైశాల్యం 28. స్టవ్ పొగను నేరుగా ఆ పెద్ద దారిలోకి వదిలితే వేగం అయిదో వంతుకు పడిపోతుంది. పిల్లకాలువ నీళ్లు చెరువులో పడ్డట్టే. నిదానంగా, చల్లబడుతూ, గోడలకు పూసుకుంటూ పైకి పోతుంది. అందుకే అమెరికాలో చిమ్నీలకు ప్రామాణికమైన ఎన్‌ఎఫ్‌పీఏ 211 ఒక హద్దు పెట్టింది. చిమ్నీ ఇంటి మధ్యలో ఉంటే పొగదారి వైశాల్యం స్టవ్ నోటికి మూడింతలు దాటకూడదు. బయటి గోడకు ఆనుకుని ఎండావానలకు నిలబడ్డదైతే రెండింతలే. లైనర్ అనే ఈ స్టీలు గొట్టం పుట్టింది ఆ పెద్ద దారిని సన్నం చేయడానికే. గొట్టం సన్నమైతే సరిపోదు, వెచ్చగా కూడా ఉండాలన్నది తర్వాతి మాట.

లైనర్ కొలత విషయంలో బేరసారాలు ఉండకూడదు. స్టవ్ నోరు ఆరంగుళాలైతే లైనర్ కూడా ఆరే. తయారీదారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప తగ్గించకూడదు, పెంచకూడదు.

దుప్పటికి రెండో పని కూడా ఉంది. అది లోపలి పొగ కోసం కాదు, బయటి ఇంటి కోసం. ఇటుక కాలదు కాబట్టి ఇటుకల చిమ్నీ క్షేమమని అందరూ నమ్ముతారు. ఇటుక కాలదుగానీ వేడిని ఆపదు. అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ 1940లలో, మళ్లీ 1980లలో ఇటుకల చిమ్నీల మీద పరీక్షలు చేసింది. లోపల ఎలాంటి లైనర్ లేని చిమ్నీలోంచి వేడి పాకి, పక్కనున్న కొయ్యకు మూడున్నర గంటల్లో నిప్పంటుకుంది. ఆ దేశపు ఇళ్లు దాదాపుగా కొయ్యతో కట్టినవే అని గుర్తుంచుకోవాలి. చిమ్నీ నేల దూలాల మధ్యగా, అటక దూలాల మధ్యగా, పైకప్పు వాసాల మధ్యగా పోతుంది. ఇటుకకూ కొయ్యకూ మధ్య ఖాళీ ఉండాలని నియమం. ఇంటి లోపలి చిమ్నీకి రెండంగుళాలు, బయటి చిమ్నీకి ఒక అంగుళం. వందేళ్ల నాటి ఇంట్లో ఆ ఖాళీ ఉందో లేదో ఎవరు చూడొచ్చారు? గోడ పగలగొడితే తప్ప తెలియదు. దూలాన్ని నేరుగా ఇటుక మీదే ఆనించిన మేస్త్రీలు ఆ దేశంలోనూ ఉన్నారు.

ఇక్కడే అరంగుళం దుప్పటి విలువ తెలుస్తుంది. అమెరికాలో లైనర్లను యూఎల్ 1777 అనే ప్రమాణం ప్రకారం పరీక్షిస్తారు. చిమ్నీ మంటకు సమానంగా 2100 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 1150 డిగ్రీల సెల్సియస్ వేడి వాయువులను గొట్టంలోకి పంపి, బయట ఇటుకను ఆనుకుని ఉన్న కొయ్య ఎంత వేడెక్కిందో కొలుస్తారు. తయారీదారు చెప్పిన మందంలో దుప్పటి చుట్టిన లైనర్ ఈ పరీక్షలో నెగ్గితే, ఇటుకకూ కొయ్యకూ మధ్య ఖాళీ లేకపోయినా ఫరవాలేదని దానికి గుర్తింపు వస్తుంది. దుప్పటి లేని ఉత్త లైనర్‌కు ఆ గుర్తింపు రాదు. దాన్ని వాడాలంటే గోడల్లో నియమం చెప్పిన ఆ ఖాళీ నిజంగా ఉండాలి. చిమ్నీ కట్టినప్పుడే లోపల పేర్చిన మట్టి పెంకుల లైనింగ్ చెక్కుచెదరకుండా ఉండి, ఖాళీలన్నీ నియమం ప్రకారం ఉన్న చిమ్నీలో దుప్పటి తప్పనిసరి కాదని వాదించేవాళ్లు ఉన్నారు. కాగితం మీద ఆ వాదన నిలుస్తుంది. కానీ ఆ ఖాళీలు చూసినవాడు లేనప్పుడు ఆ ధీమా దేని మీద? కట్టెల స్టవ్ లైనర్‌కు చిమ్నీ లోపలిదైనా బయటిదైనా దుప్పటి చుట్టాల్సిందేనన్నది ఈ అధ్యాయం పక్షం.

పని మొదలుపెట్టే ముందు చిమ్నీ నిలువునా శుభ్రం కావాలి. పాత క్రియోసోట్‌ను లోపల వదిలేసి దాని మధ్యలోకి కొత్త గొట్టం దించడమంటే ఇంధనాన్ని గోడలో దాచిపెట్టడమే. తర్వాత కెమెరా దించి చూడాలి. చిమ్నీకి కొత్త లైనర్ వేసేటప్పుడూ, ఇల్లు చేతులు మారినప్పుడూ ఎన్‌ఎఫ్‌పీఏ 211 లెవెల్ 2 తనిఖీ చేయాలంటుంది. కెమెరా అందులో భాగం. పగిలిన పెంకులు, లోపలికి పొడుచుకొచ్చిన సున్నం ముద్దలు, ఎప్పుడో మూసేసిన పక్క రంధ్రాలు అప్పుడే బయటపడతాయి.

అసలు తలనొప్పి కొలతల దగ్గర వస్తుంది. ఆరంగుళాల గొట్టానికి చుట్టూ అరంగుళం దుప్పటి చుడితే ఏడంగుళాలు. ముడతల మందం, పైన తొడిగే స్టీలు జాలీ కలిపితే ఇంకో పావంగుళం పైనే. 'ఎనిమిది ఎనిమిది' అని పిలిచే మట్టి పెంకు గొట్టం బయటి కొలతే ఎనిమిది. లోపల ఏడంగుళాలు కూడా ఉండదు. అందులో చుట్టిన లైనర్ పట్టదు. పట్టలేదు కదా అని దుప్పటి తీసేసి ఉత్త గొట్టం దించేయడం ఎక్కువమంది చేసే పని, అన్నిటికంటే తప్పుడు పని. సరైన దారులు వేరే ఉన్నాయి. గొలుసులున్న పనిముట్టుతో మట్టి పెంకులను లోపలే పగలగొట్టి తీసేస్తే దారి వెడల్పవుతుంది. లోపలంతా దుమ్ము రేగే పని అది, కానీ ఒక్కరోజులో అయిపోతుంది. పెంకు గొట్టం దీర్ఘచతురస్రంగా ఉండే చిమ్నీల్లో గుండ్రటి లైనర్ బదులు కోలగా నొక్కిన లైనర్ వాడొచ్చు. స్టవ్ తయారీదారు అనుమతిస్తే అయిదున్నర అంగుళాల లైనర్ ఒక రాజీ. ఇవేవీ కుదరకపోతే ఆ చిమ్నీని వదిలేసి, ఇన్సులేషన్ ఫ్యాక్టరీలోనే నింపిన రెండు గోడల రెడీమేడ్ చిమ్నీని విడిగా నిలబెట్టుకోవడమే మేలు.

లైనర్ లోహం గురించి నాలుగు మాటలు చాలు. కట్టెలకు స్టెయిన్‌లెస్ స్టీలే కావాలి, అల్యూమినియం గొట్టాలు గ్యాస్ పరికరాలకే. స్టీల్లో 316టీఐ రకం ఆమ్లాలకు బాగా తట్టుకుంటుంది. బ్రిటన్‌లో బొగ్గు కూడా కాల్చేవాళ్లు 904 రకం అడుగుతారు. చవకగా దొరికే మెత్తని లైనర్ల రేకు మందం అంగుళంలో వెయ్యోవంతులు అయిదో ఆరో, అంతే. కాబట్టి లాగేటప్పుడు చిరగకుండా చూసుకోవాలి.

ఇక దుప్పటి చుట్టడం. ఇది వసారాలో కాదు, పచ్చిక మీదో డ్రైవ్‌వే మీదో గొట్టాన్ని పూర్తిగా చాపి చేయాల్సిన పని. సిరామిక్ ఫైబర్ దుప్పటి సాధారణంగా రెండడుగుల వెడల్పు చుట్టగా వస్తుంది. ఆ వెడల్పు ఊరికే పెట్టింది కాదు. ఆరంగుళాల గొట్టం చుట్టూ తిరిగి, ఒక అంచు మీద ఇంకో అంచు ఓ అంగుళం ఎక్కేందుకు అది సరిగ్గా సరిపోతుంది. దుప్పటిని నేల మీద రేకువైపు కిందికి ఉండేలా పరిచి, తెల్లవైపు వేడికి తట్టుకునే జిగురు చల్లి, గొట్టాన్ని మధ్యలో పెట్టి రెండు అంచులనూ పైకి తెచ్చి కలపాలి. రేకు బయటికి రావాలి. అతుకు వెంబడి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా అల్యూమినియం టేపు నొక్కి అంటించాలి, మధ్యమధ్యలో అడ్డంగా కూడా చుట్టాలి. దుప్పటిని బిగించి నలిపేయకూడదు. వేడిని ఆపేది ఆ నూగు మధ్య చిక్కుకున్న గాలి. అరంగుళం దుప్పటి నలిగి పావంగుళమైతే కాగితం మీద రాసిన గుర్తింపుకు అర్థం ఉండదు.

చివరగా స్టీలు జాలీని మేజోడులా తొడగాలి. జాలీ తొడగడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ముడుచుకున్న జాలీని గొట్టం మీదుగా జరుపుతూ పోతే రెండోవారు వెనక నుంచి సాగదీసి పట్టుకోవాలి. సాగినకొద్దీ అది బిగుసుకుంటుంది. రెండు చివరలా పట్టీతో బంధిస్తే పని అయినట్టు. ఈ జాలీ లేకుండా దించితే లోపలి ఇటుకల మొనలకు రేకు చిరిగి, దుప్పటి గుడ్డపీలికల్లా ఊడి కిందికి జారుతుంది.

ఇదంతా చేసేటప్పుడు మాస్కు, పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పవు. సిరామిక్ నూగు కంటికి కనిపించకుండా గాల్లో తేలుతుంది. రిఫ్రాక్టరీ సిరామిక్ ఫైబర్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో, 2బి వర్గంలో చేర్చింది. శరీర ద్రవాల్లో కరిగిపోయే కొత్త రకాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. కొనేటప్పుడు అడిగి తీసుకోవడం మంచిది. ఈ పనికి వేసుకున్న బట్టలను మిగతా బట్టలతో కలిపి ఉతకకూడదు. పిల్లలు ఆ రోజుకు వేరే చోట ఆడుకుంటే మేలు.

గొట్టం దించడం పైనుంచి. దాని కింది కొసకు శంఖం ఆకారంలో ఒక ముక్క తగిలించి, దానికి తాడు కట్టి, ఇంటి కప్పు మీద ఒకరు వదులుతుంటే కింద ఒకరు లాగాలి. బావిలో బొక్కెన దించినవాళ్లకు ఆ నేర్పు అర్థమవుతుంది. గుంజకూడదు, తిప్పుకుంటూ తీసుకోవాలి. కింద పాత నెగడు దగ్గర ఇనప మూత అడ్డం వస్తుంది. దాన్ని కొంత కోయక తప్పదు. గొట్టం స్టవ్‌కు కలిసేచోట బిగించే టీ ముక్కకు కూడా దుప్పటి చుట్టాలి. చాలామంది అక్కడిదాకా వచ్చి అలసిపోయి వదిలేస్తారు. టీ అడుగున ఉండే మూత మాత్రం చేతికి అందేలా ఉండాలి, మసి తీసేది అక్కడినుంచే.

పైన గొట్టం కొస చుట్టూ స్టీలు పలకను వేడికి తట్టుకునే సిలికాన్‌తో చిమ్నీకి అతికించి, దాని మీద వానటోపీ పెట్టాలి. ఈ టోపీ విషయంలో పిసినారితనం పనికిరాదు. తడిసిన దుప్పటి ఇన్సులేషన్ కాదు, తడిగుడ్డ. కింద నెగడు నోటికి పైన, గొట్టం చుట్టూ కత్తిరించిన స్టీలు రేకు ఒకటి అడ్డంగా బిగించి, దానిపైన రాక్‌వూల్ కూరితే గదిలోని వెచ్చదనం చిమ్నీలోకి ఎక్కిపోకుండా ఆగుతుంది. అమెరికా ఇళ్ల అటకల్లో పరిచే గులాబీ రంగు ఫైబర్‌గ్లాస్ వాడకూడదు, దాని జిగురు వేడికి మాడుతుంది. పెద్ద నెగడున్న ఇళ్లలో ఈ రేకు ఒక్కటి పెట్టినా గదిలో తేడా మొదటిరోజే తెలుస్తుంది.

దుప్పటికి ప్రత్యామ్నాయం పోత. వర్మిక్యులైట్ గుళికలను సిమెంటు లాంటి బంధకంతో, కొద్ది నీటితో కలిపి, గొట్టానికీ ఇటుకకూ మధ్య పైనుంచి పోస్తారు. గొట్టం చుట్టూ సాధారణంగా అంగుళం ఖాళీ ఉండాలి. గొట్టం ఒక పక్కకు ఒరిగితే ఆ పక్కన పోత నిండదు, కాబట్టి మధ్యలో నిలబెట్టే ఆధారాలు ముందే బిగించాలి. వంకర చిమ్నీల్లో దుప్పటి చిరుగుతుందని భయమైతే పోత పోయడమే నయం. బ్రిటన్‌లో బంధకం లేకుండా పొడి వర్మిక్యులైట్ పోసే అలవాటు ఎక్కువ. అక్కడ ఇలాంటి పనులు బిల్డింగ్ రెగ్యులేషన్స్‌లోని డాక్యుమెంట్ జె పరిధిలోకి వస్తాయి, హెటాస్ అనే సంస్థలో నమోదైన పనివాడు చేసి ధ్రువపత్రం ఇస్తాడు. పొడి పోతతో ఒక ఇబ్బంది ఉంది. రేపు లైనర్ మార్చాల్సివస్తే, అడుగు తెరవగానే బస్తాల కొద్దీ గుళికలు గదిలోకి కుమ్మరించుకుంటాయి.

వర్మిక్యులైట్ అభ్రకానికి చుట్టం. గూడూరు అభ్రకం చూసినవాళ్లు ఆ మెరుపును గుర్తుపడతారు. వేడి చేస్తే పేలాల్లా ఉబ్బుతుంది, ఆ ఉబ్బిన పొరల్లో గాలి నిలిచి వేడిని ఆపుతుంది. ఇప్పుడు అమ్మే సరుకుతో భయం లేదు. పాత ఇంటి అటకలో అంతకుముందే పోసి ఉన్న సరుకుతోనే భయం. అమెరికాలో 1919 నుంచి 1990 దాకా అమ్ముడైన వర్మిక్యులైట్‌లో 70 శాతానికి పైగా మోంటానా రాష్ట్రంలోని లిబ్బీ గని నుంచి వచ్చిందని ఈపీఏ అంచనా. ఆ గనిలో ఆస్బెస్టాస్ కలిసి ఉంది. లిబ్బీ ఊళ్లో వందలమంది దాని వల్ల ఊపిరితిత్తులు పాడై చనిపోయారు. చిమ్నీకీ దూలానికీ మధ్య ఖాళీ ఎంతో చూద్దామని అటకెక్కినప్పుడు బూడిద రంగులోనో గోధుమ రంగులోనో మెరిసే గులకలు కనిపిస్తే వాటిని కదపకుండా దిగిపోవాలి. ఆస్బెస్టాస్ పనిలో శిక్షణ ఉన్నవాళ్లను పిలవాలి. తర్వాతే మిగతా పని.

పొయ్యి కంటే పొగగొట్టం ముఖ్యమని తెలుగు నేల మీద ఆలోచించినవాళ్లు లేకపోలేదు. హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ ల్యాబొరేటరీస్‌లో పనిచేసిన ఎస్.పి.రాజు పల్లె వంటిళ్లకోసం గొట్టం ఉన్న పొగరాని పొయ్యిని తయారుచేశారు. ఆ సంస్థ పేరుతోనే దాన్ని 'హెర్ల్ చుల్హా' అన్నారు. 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే పుస్తకంలో దాని సంగతులన్నీ రాశారు. వంటింటి ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ కాపాడాలన్నది ఆయన తపన. న్యూహాంప్‌షైర్ మంచులో ఉన్న స్టవ్‌కూ మెదక్ జిల్లా పల్లెలో ఉన్న మట్టిపొయ్యికీ సూత్రం ఒకటే. గొట్టం లాగితేనే మంట మండుతుంది, లాగాలంటే గొట్టం వేడిగా, శుభ్రంగా ఉండాలి. మన ఎండల్లో గొట్టాన్ని వెచ్చగా ఉంచే బాధ లేదు, శుభ్రంగా ఉంచే బాధ మాత్రం ఉంది. మసి పూడుకుపోయిన గొట్టం కింద పొగరాని పొయ్యి కూడా పొగ పొయ్యే అవుతుంది.

పని పూర్తయ్యాక మొదటి చలికాలం పరీక్షాకాలం. స్టవ్‌ను లైనర్‌కు కలిపే ఇనప గొట్టానికి అయస్కాంతంతో అంటుకునే థర్మామీటర్ ఒకటి పెట్టుకుంటే మంట నీరసంగా ఉందో, మితిమీరిందో చూపుతుంది. రాత్రంతా కొనసాగాలని గాలిదారి మూసేసి కట్టెను పొగబెట్టి ఉంచే పాత అలవాటును వదులుకోవాలి. ఎంత మంచి దుప్పటైనా ఆ చల్లటి దట్టపు పొగ నుంచి గొట్టాన్ని కాపాడలేదు. కట్టెను చీల్చి, చీలిన కొత్త ముఖం మీద తేమ మీటరు గుచ్చి చూడాలి. 20 శాతం దాటితే అది వచ్చే ఏడాది కట్టె. పచ్చికట్టెలో సగం బరువు నీరే ఉండొచ్చు. ఇంట్లో ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు.

జనవరి మధ్యలో, సీజన్ సగంలో, స్టవ్ పూర్తిగా చల్లారిన ఒక ఉదయం టీ అడుగు మూత తీసి కింద బకెట్ పెట్టి బ్రష్ ఆడించాలి. గోధుమ రంగులో పొడిపొడిగా, ఓ రెండు గ్లాసుల మసి రాలితే లోపల పొగ వేడిగానే ఎక్కుతోందన్నమాట. నల్లటి మెరిసే పెచ్చులు పడితే, లేదా గోడ మీద పేరుకున్నది అంగుళంలో ఎనిమిదో వంతు మందం దాటితే స్టవ్ ఆపేసి చిమ్నీ శుభ్రం చేసేవాళ్లను పిలవాలి. ఎక్కువసార్లు ఆ పెచ్చులు పడేది గొట్టం పైకొస నుంచే. ఇటుకల చిమ్నీ ఇంటి కప్పు దాటి గాలిలోకి నిలబడిన ఆ చివరి మూడు నాలుగు అడుగుల్లో చలి ఎక్కువ. అక్కడిదాకా దుప్పటి వెళ్లిందా, పలకకు రెండడుగుల కిందే ఆగిపోయిందా అన్నది టోపీ విప్పి చూస్తే తెలిసిపోతుంది.